పటేలు కారు తిప్పిన తీరు

"సంతకం పెట్టను. చేతులు నరికినా పెట్టను."

భిక్షపతి ఆ మాట అనడం పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. అన్న ప్రతిసారీ ఎదురుగా పీటమీదున్న కాయితం వంక చూశాడు. అదేమో ఇత్తడి చెంబు కింద నిశ్చింతగా రెపరెపలాడుతూ కూర్చుంది.

"పెట్టకపోతే ఏమైతదో చెప్పు," అంది సైదమ్మ చాటలో బియ్యం ఏరుతూ. "పది గంటల్లోపల సంతకం గాకపోతే సీదా పోలీసు ఠాణాకే పోతనన్నడు పటేలు కొడుకు జనార్ధన్. ఠాణా అంటే మన ఊరి చావడి కాదు కొడుకా."

"పెడితే ఏమైతదో నీకు ఎరుకనా అవ్వా? సోమవారం బస్సు డిపోల చేరాలె. చేరేటప్పుడు, నా తప్పుతోని ఇప్పటిదాక ఒక్క యాక్సిడెంటు కాలేదని రాసియ్యాలె. ఇక్కడ తప్పు నాదే అని సంతకం పెట్టి, అక్కడ నాది కాదని ఎట్ల పెడుదు?"

రాళ్ళు ఏరుతున్న సైదమ్మ చెయ్యి కాస్త వేగం పెంచింది.

పొయ్యి దగ్గర కూర్చున్న ఆండాలు ఇద్దరి మధ్యా తలదూర్చలేదు. మూడు రోజులుగా ఆ ఇంట్లో తల్లిది ఒక దారి, కొడుకుది ఒక దారి. కోడలు నోరు విప్పిందంటే ఇద్దరూ ఒక్కటై ఆమె మీద పడతారు. ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగం కోసం ఆరేళ్ళు తిరిగాడు ఆమె మొగుడు. నల్లగొండ పల్లె వదిలి చంపాపేటలో ఈ ఒంటిగది కిరాయికి పట్టిందీ, లారీ మీద క్లీనరుగా ఎక్కి డ్రైవరుగా దిగిందీ, ఆ తర్వాత కిరాయి ఆటో నడుపుతున్నదీ అందుకే. బుధవారం మధ్యాహ్నం ఆర్డరు చేతికొచ్చింది. బుధవారం సాయంత్రమే ఆటో పోయి పాండురంగం పటేలు కారుకు గుద్దుకుంది. ఇచ్చిన దేవుడికి ఒక్క పూట ఆగే ఓపిక లేకపోయిందేమిటని ఆండాలుకు మహా కోపంగా ఉంది.

పోనీ పెద్ద దెబ్బా అంటే అదీ కాదు. కారు ముందు తలుపు సొట్టపోయింది. ఆటో మడ్‌గార్డు వంగి అద్దం పగిలింది. మనుషులకు గోరంత గాయం లేదు. పటేలు కూడా ఆ సాయంత్రం కారు దిగి, "దెబ్బ తాకిందా పిలగా?" అనే అడిగాడట. మర్నాడు ఆయన కొడుకు జనార్ధన్ ఈ కాయితం పట్టుకొచ్చాడు. 'భిక్షపతి అను నేను ఆటోను అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి, కుడివైపు తిరుగుతున్న కారును వెనుకనుండి ఢీకొన్నాను. తప్పు పూర్తిగా నాదే.' కింద సంతకానికి చోటు.

"మల్ల ఒక్కసారి చెప్పు," అంది ఆండాలు చివరికి ఉండబట్టలేక.

"ఎన్నిసార్లు చెప్పాలె?"

"నాకు ఒక్కసారి గూడ చెప్పలే. మీ అవ్వకు చెప్పినవ్. దోస్తులకు చెప్పినవ్. కాలనీ ప్రెసిడెంటు సారుకు చెప్పినవ్. నేనైతే గోడపక్క నిలబడి విన్న."

భిక్షపతి ఆమె వంక కాసేపు చూశాడు. తరువాత పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి నేలమీద రెండు గీతలు గీశాడు. చాయ్ గ్లాసు ఒకటి, అగ్గిపెట్టె ఒకటి లాక్కున్నాడు.

"ఇది సడక్. గీ కుడిపక్క పటేలు గేటు. ఈ గ్లాసు కారు. ఎనుక అగ్గిపెట్టె నేను. కారు నడిమిట్ల మెల్లగ పోతున్నది. గేటు ఇంకో పది గజాలున్నదనంగ ఎడమకు జరిగింది. జర్రంత కాదు, మట్టి అంచుదాక పోయింది. ముందటి బండి ఎడమకు జరిగితే ఏందన్నట్టు? నువ్వు పో అన్నట్టు. నేను పోయిన."

అగ్గిపెట్టెను ముందుకు తోశాడు.

"అప్పుడు దబ్బున కుడికి తిప్పిండు."

గ్లాసు వంపు తిరిగి వచ్చి అగ్గిపెట్టెకు తగిలింది.

"మరి పటేలు ఏమంటడు?"

"నేను ఎడమకు పోనేలేదంటడు. సక్కగ పోయిన, సక్కగ మలిపిన అంటడు. పుట్టినకాడికెల్లి అబద్ధం ఆడని మనిషని సడక్ పొడుగూత ఆయనకు పేరు. ఆటోవాని మాట ఎవడు నమ్ముతడు?"

నిజం చెప్పాలంటే ఆండాలు కూడా సగమే నమ్మింది. కుడికి పోవలసిన మనిషి ఎడమకు ఎందుకు పోతాడు? తాగినవాడైతే అనుకోవచ్చు. పటేలు కల్లు కూడా ముట్టడు. మొగుణ్ణి అడిగితే నమ్మనట్టవుతుంది, అడగకపోతే ప్రాణం ఒప్పదు.

భిక్షపతి మళ్ళీ గ్లాసును మొదటిచోట పెట్టాడు. మళ్ళీ ఎడమకు జరిపాడు. మళ్ళీ కుడికి తిప్పాడు.

సైదమ్మ చెయ్యి చాటలో ఆగిపోయింది.

"అట్ల బండి కదరా మలుపుతరు," అంది.

"ఏం బండి?"

"ఎడ్ల బండి."

సైదమ్మ చాట పక్కకు నెట్టి, మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి గ్లాసు తన చేతిలోకి తీసుకుంది. "దర్వాజలకు బండి తోలాలంటే సక్కగ మలిపితే ఎట్ల? లోపలి చక్రం దర్వాజ రాయికి కొట్టుకుంటది. ఇరుసు ఇరుగుతది. అందుకని ముందుగాల అవుతలి పక్కకు కొట్టాలె. జాగ చేసుకోవాలె. అప్పుడు ఇటు మలుపాలె. మీ నాయిన గట్లనే మలుపుతుండె."

గ్లాసు ఎడమకు జరిగింది, కుడికి తిరిగింది. భిక్షపతి తిప్పిన దారే. కాకపోతే ముసలామె చేతిలో ఇంకా నున్నగా తిరిగింది.

మోటారు రూల్సు కంఠతా వచ్చిన పెద్దమనుషులు మూడు రోజులు తల బద్దలుకొట్టుకున్నారు. అక్షరం ముక్క రాని అత్త, బియ్యం ఏరుతూ ఏరుతూ, చాయ్ గ్లాసు వంక ఒక్క చూపు చూసి చెప్పేసింది. ఏడేళ్ళుగా ఈమెతోనే కదా నేను నీళ్ళకాడ, పొయ్యికాడ కొట్లాడుతున్నది అనుకుంది ఆండాలు.

"అంటే పటేలు అబద్ధమాడుతున్నట్టే కద అవ్వా?" అన్నాడు భిక్షపతి.

"ఎందుకాడుతడు? ఆయనకు తెల్వది. బువ్వ తినేటప్పుడు నువ్వు ఏ దౌడతోని నములుతవో నీకు ఎరుకనా?"

ఆండాలు లేచింది. చెంబు తీసి, కాయితం మడిచి కొంగున కట్టుకుంది.

"నడువుండ్రి. పటేలు ఎట్ల మలుపుతడో కండ్లతోని చూద్దాం."

"పోయి ఏమంటవు? పటేలా, నువ్వు కారును ఎడ్లబండి లెక్క తోలుతవు అంటవా?"

"అనొద్దు," అంది సైదమ్మ గబుక్కున. "చెప్తే జాగ్రత్త పడ్తడు. మనిషికి చెప్పొచ్చుగని చేతులకు చెప్పొద్దు."

* * *

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, మొన్నటివరకు జొన్న కోసిన చేలలో ఇప్పుడు సున్నపు గీతలు పండుతున్నాయి. గీతల మూలల్లో రాళ్ళు, రాళ్ళ మధ్య పునాదులు, పునాదుల పక్కన ఇసుక కుప్పలు. పాండురంగం పటేలు పదెకరాలు కూడా అలాగే గీతలయ్యాయి. గీయించిందీ, బోర్డు పెట్టి అమ్మిందీ జనార్ధన్. పటేలు మిగిలిన పాత ఇంట్లోనే ఉండి, సడక్ వైపు కొత్త గేటు పెట్టించుకుని, ఒక పాత అంబాసిడర్ కొనుక్కున్నాడు. రోజూ తానే కడుగుతాడు, తానే తుడుస్తాడు, తానే నడుపుతాడు. ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు. ఎడ్లున్న రోజుల్లో వాటినీ అంతేనట.

వీళ్ళు ముగ్గురూ గేటు దాటేసరికి పటేలు అరుగుమీద తలపాగా చుట్టుకుంటున్నాడు. ఎదుట కుర్చీల్లో జనార్ధన్, కాలనీ ప్రెసిడెంటు విశ్వేశ్వరరావు ఉన్నారు. విశ్వేశ్వరరావు గుంటూరు వైపునుంచి వచ్చి ఇక్కడ స్థలం కొన్న రిటైర్డు ఓవర్సీరు. ఆయన జేబులో కళ్ళజోడు లేకపోయినా కొలత టేపు ఉంటుంది. గిట్టనివాళ్ళు, రావుగారు పడుకునేముందు మంచం కూడా కొలుచుకుంటారంటారు.

"సంతకం అయినట్టేనా?" అన్నాడు జనార్ధన్.

"కాలే," అంది ఆండాలు.

"మొగోళ్ళ మాటల నువ్వెందుకమ్మా?"

"నౌకరి పోయేది మా ఇంట్ల. నేను గాక ఎవరు మాట్లాడాలె?"

జనార్ధన్ ఏదో అనబోయాడు. విశ్వేశ్వరరావు చెయ్యెత్తి ఆపాడు. "చూడమ్మాయ్, ఇందులో వాదించుకోవటానికేం లేదు. వెనకనుంచి వచ్చి గుద్దినవాడిదే తప్పు. ఆ ముందు బండి ఎడమకెళ్ళి తిరిగిందని రుజువైతే అది వేరే సంగతి. ఎవరన్నా చూశారా? లేదు. గుర్తులన్నా ఉన్నాయా? బుధవారం రాత్రి వానకి కొట్టుకుపోయాయి. ఇంక మనమేం చెయ్యగలం చెప్పు?"

"మల్ల గుర్తులు పడేటట్టు చెయ్యొచ్చు సారూ. ప్లాట్లకు గీతలు గీసే సున్నం సంచులున్నయి గద. సడక్ మీద పల్చగ చల్లిపియ్యుండ్రి. పటేలు రోజు మలిపినట్టే కారు మలుపనీ. చక్రాలు ఎక్కడ పోయినయో సున్నమే చెప్తది."

అరుగుమీద తలపాగా చుడుతున్న చేతులు ఆగాయి.

"నేను అబద్ధమాడ్తున్ననంటవా బిడ్డా?"

పటేలు గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండుననిపించింది ఆండాలుకు. భిక్షపతి నేల చూపులు చూస్తున్నాడు.

"నువ్వు అబద్ధమాడవని తెలిసే ఒచ్చినం పటేలా," అంది సైదమ్మ. "ఇంకో మనిషైతే మేమే ఠాణాకు పోదుము."

పటేలు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"వద్దు నాయినా," అంటూ జనార్ధన్ కుర్చీలోంచి లేచాడు. "సడక్ మీద తమాషానా? ప్లాట్లు చూసేటందుకు నలుగురు వచ్చే యాళ్ళ. నువ్వు లోపలికి పో. నేను మాట్లాడ్త."

అతని ముఖంలో కోపం ఉంది. కోపంతోపాటు భయం కూడా ఉందని ఆండాలు కనిపెట్టింది. అన్నీ ఉన్నవాడికి భయమెందుకో ఆమెకు అర్థం కాలేదు.

"చూడనీ," అన్నాడు పటేలు మెట్లు దిగుతూ. "ఒకసారి గాదు, మూడుసార్లు మలుపుత. సున్నం తెప్పియ్."

* * *

సున్నం చల్లించే పని విశ్వేశ్వరరావు తన నెత్తిన వేసుకున్నాడు. అలాంటి పని ఇంకొకరు చేస్తే ఆయనకు నిద్ర పట్టదు. గేటుకు ఇరవై గజాల ముందునుంచి గేటుదాకా, ఈ అంచునుంచి ఆ అంచుదాకా మేస్త్రీలచేత జల్లెడపట్టించి పల్చగా పరిపించాడు. పునాదులు తవ్వేవాళ్ళు పారలు పక్కన పెట్టి వచ్చారు. పాల సైకిళ్ళు ఆగాయి. కొత్త ఇళ్ళ ఆడవాళ్ళు పిట్టగోడల దగ్గర నిలబడ్డారు. నాదర్‌గుల్ వైపునుంచి శిక్షణ విమానం ఒకటి గుర్రుమంటూ నెత్తిమీదుగా పోయింది గాని ఆ వేళ దాన్ని తలెత్తి చూసినవాడు లేడు.

పటేలు సడక్ చివరిదాకా వెళ్ళి కారు తిప్పుకుని బయలుదేరాడు.

అత్త చెప్పింది నిజం కాకపోతే? ఆ మనిషి సక్కగా పోయి సక్కగా తిప్పితే? ఇంతమంది ఎదుట ఆండాలు మొగుడు అబద్ధాలకోరు అవుతాడు. సోమవారం అన్నది ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కారు నడిరోడ్డు మీద మెల్లగా వస్తోంది. సున్నం మీదికి ఎక్కింది. గేటు ఇంకా పది గజాల దూరంలో ఉందనగా, దాని ముక్కు ఎడమకు వంగింది. అంచుదాకా వెళ్ళింది. మట్టిని తాకీ తాకకుండా ఒక్క క్షణం నిలదొక్కుకుని, అప్పుడు కుడికి తిరిగి, గేటు రెండు స్తంభాల నడుమకు తప్పటడుగు లేకుండా లోపలికి వెళ్ళిపోయింది.

జనంలో ఎవరో "అబ్బో" అన్నారు. భిక్షపతి ఆండాలు మణికట్టు పట్టుకున్నాడు. నలుగురిలో భార్య చెయ్యి పట్టుకున్నానన్న స్పృహ కూడా అతనికి లేదు.

పటేలు దిగలేదు. ఏం జరిగిందో ఆయనకు తెలియదు. కారు వెనక్కి తీసుకుని మళ్ళీ సడక్ చివరికి వెళ్ళాడు. ఈలోగా విశ్వేశ్వరరావు వంగి నడిరోడ్డునుంచి చక్రం గుర్తు ఎంత ఎడంగా పోయిందో కొలిచి, చిన్న పుస్తకంలో రాసుకుని, మళ్ళీ సున్నం పరిపించాడు. రెండోసారి అదే దారి. మూడోసారి అదే దారి.

మూడోసారి కొలిచాక రావుగారు లేవలేదు. టేపు మళ్ళీ మొదటినుంచి పట్టి చూశాడు. పుస్తకం తీసి వెనకటి రెండు అంకెలు చూశాడు. తెల్లపంచె సున్నమవుతుందని కూడా చూసుకోకుండా రోడ్డుమీదే చతికిలబడ్డాడు.

"నాలుగడుగుల ఐదంగుళాలు," అన్నాడు. "మూడుసార్లూ నాలుగడుగుల ఐదంగుళాలే. ముప్పై రెండేళ్ళు సర్వీసులో కొలత గొలుసులు పట్టించి లైన్లు వేయించానండీ. ఒకే గీతని మూడుసార్లు ఇంత సమంగా వేసిన మొనగాణ్ణి నేను చూళ్ళేదు."

తప్పెవరిదో తేల్చడానికి వచ్చిన సంగతి ఆయన ఆ నిమిషాన మరిచిపోయాడు. ఆయనే కాదు, అందరూ మరిచిపోయారు. ఎవరూ ఆ సున్నంలో కాలు పెట్టలేదు.

పటేలు గేటులోంచి నడిచి వచ్చాడు. అంచు దగ్గర చెప్పులు విడిచాడు. గుర్తు వెంబడే మెల్లగా నడిచి, ఎడమ అంచున మట్టికి బెత్తెడు దూరంలో చక్రం వంపు తిరిగినచోట గొంతుక్కూర్చున్నాడు. వేలితో ఆ గుర్తు తాకాడు.

"ఇది నేను మలిపిందేనా?"

"నువ్వే పటేలా," అంది సైదమ్మ.

"సక్కగ పోయిన్ననుకున్న. దేవుని తోడు, సక్కగ పోయిన్ననే అనుకున్న." ఆయన ఎవరితోనూ అనడం లేదు. "ఎడ్లను అమ్మి మూడేండ్లాయె. బండి చెక్కలు మొన్న పొయ్యిల పెట్టినం. ఈ చేతులు ఇంకా తోలుతనే ఉన్నయా?"

రెండు అరచేతులూ ముఖం ముందు పెట్టుకుని, ఎప్పుడూ చూడనివాటిని చూసినట్టు చూసుకున్నాడు.

ఆయన్ని ఓడించడానికి వచ్చింది ఆండాలు. ఇప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. పొలం గీతలైపోయింది, ఎడ్లు ఏ సంతలోనో పోయాయి, బండి బూడిదైంది. అయినా రోజూ సాయంత్రం ఈ గేటులోకి ఒక ఎడ్లబండి వస్తూనే ఉంది. తోలేవాడికి కూడా తెలియకుండా వస్తోంది. మనిషి ఒంట్లో ఇంత దాగి ఉంటుందా అని ఆమెకు అబ్బురంగానూ, కొంచెం భయంగానూ ఉంది.

విశ్వేశ్వరరావు లేచి పంచె దులుపుకున్నాడు. "రూలంటే రూలే. కుడికి తిరగాల్సినవాడు నడిరోడ్డుకి రావాలి. ఎడమకి పోయి తిరిగితే తప్పు తిరిగినవాడిది. ఏమయ్యా భిక్షపతీ, మూడు రోజులూ నేను నీ మాట విన్లేదు. ఏమనుకోకు."

"నాయినా, ఇటు రా." జనార్ధన్ తండ్రి భుజం పట్టుకుని గేటు పక్కకు తీసుకెళ్ళాడు. మెల్లగానే మాట్లాడాడు గాని ఆండాలు నాలుగడుగుల దూరంలోనే ఉంది. "తప్పు నీదని రాసిస్తే లైసెన్సు ఏదంటరు. నీకు లైసెన్సు లేదు. కేసు నీ మీదికి వస్తది. ఈ వయసుల కోర్టు మెట్లెక్కుతవా? ఠాణా అని ఉత్తగ బెదిరించి నేను మూడు రోజులసంది గింత కొట్లాడింది దేనికనుకుంటున్నవ్?"

అదా అతని భయం! మూడు రోజులుగా ఆండాలు అతణ్ణి తిట్టని తిట్టు లేదు. తన మనిషికోసం తాను పడ్డ పాట్లే అతనూ పడ్డాడని తెలిసేసరికి ఆ తిట్లన్నీ ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

"బండికి లైసెన్సు అడిగినోడు లేకుండె," అన్నాడు పటేలు. "కారుకు గూడ గట్లనే అనుకున్న."

జనార్ధన్ తల పట్టుకున్నాడు. పటేలు సడక్ వంక, సడక్ మీది గుర్తు వంక చాలాసేపు చూశాడు.

"నువ్వు చదువుకున్నవా బిడ్డా?" అన్నాడు ఆండాలుతో.

"ఏడుదాక."

"గా కాయిదం ఎనుకపక్క తెల్లగ ఉన్నదా?"

ఆండాలు కొంగు ముడి విప్పింది. "ఉన్నది."

"రాయి. నువ్వే రాయి. నీ మొగనికోసం ఒచ్చినవు, నీ చేత్తోనే రాసుకో. మా వాళ్ళేమన్న మార్చిన్రని రేపు నీకు అనుమానం ఉండొద్దు."

"నాయినా!"

"ఊకో జనార్ధన్."

విశ్వేశ్వరరావు జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. ఆండాలు కాయితాన్ని కారు బానెట్ మీద పరిచింది. రేకు ఇంకా వేడిగా ఉంది. పటేలు ఒక్కొక్క మాటే చెబుతున్నాడు, ఆమె ఒక్కొక్క మాటే రాస్తోంది. 'పాండురంగం అను నేను బుధవారం సాయంత్రం నా గేటులోనికి కారును కుడికి మలుపబోయి, ముందు ఎడమకు తీసుకపోయినాను. వెనుక వచ్చేవానికి దారి ఇచ్చినట్టు కనపడినది.' ఏడో తరగతి తరువాత ఇంత రాసింది లేదు. సోమవారం పొద్దున మొగుడికి ఏ అంగీ ఉతికిపెట్టాలో అప్పుడే మనసులో అనుకుంది.

"ఆగు," అన్నాడు పటేలు.

ఆమె ఆగింది.

ఆయన భిక్షపతి వైపు తిరిగాడు. "నా సంగతి సున్నం చెప్పింది. నీ సంగతి నువ్వు చెప్పాలె. దాటేటప్పుడు హారన్ కొట్టినవా? బండి తోలినోనికి ఎనుక ఏమొస్తున్నదో చెవులే చెప్తయి. నాకైతే వినపడలే. కొట్టిన అంటే కొట్టినవనే రాపిస్త. నీ మాటే."

కొట్టానంటే సరిపోతుంది. కాదనడానికి ఒక్క మనిషి లేడు. సున్నంలో చక్రం గుర్తు పడుతుంది గాని చప్పుడు పడదు. ఆండాలు ఆ మాటకోసం పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

భిక్షపతి సడక్ మీది తెల్లటి వంపు వంక చూస్తున్నాడు. చెప్పులు విడిచిన ముసలి పాదాల గుర్తులు దాని పక్కనే ఉన్నాయి.

"కొట్టలే పటేలా," అన్నాడు.

"ఏమంటివి?"

"కొట్టలే. నౌకరి ఆర్డరు జేబుల ఉండె. ఇంటికి పోంగనే ఇగో, దీనికి ఎట్ల చెప్పాలె అని అదే సోయిల ఉన్న. హారన్ మీద ఉండాల్సిన చెయ్యి జేబు మీద ఉండె."

సైదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడు రోజులుగా అతణ్ణి అడగని మనిషి లేడు. ఎంత వేగంతో వచ్చావు, ఎటునుంచి వచ్చావు, తాగావా, చూశావా. ఈ ఒక్కటి ఎవరూ అడగలేదు. ఆండాలు కూడా అడగలేదు.

విశ్వేశ్వరరావు టేపు చుట్టబోయి, సగంలో ఆపేశాడు. ఇది కూడా రాయమని పటేలు అనలేదు. రాయొద్దని కూడా అనలేదు. అందరూ ఆండాలు చేతిలోని పెన్ను వంకే చూస్తున్నారు. ఆ మాట కాయితం మీద పడితే సోమవారం డిపోలో భిక్షపతి ఏమని రాసిస్తాడు? ఆరేళ్ళు తిరిగిన తిరుగుడు ఏమవుతుంది?

ఆమె మొగుడి వంక చూసింది. వద్దు అనవయ్యా అని కళ్ళతోనే వేడుకుంది.

అతను అనలేదు. ఇంట్లో అయినా, వీధిలో అయినా, ఏడేళ్ళుగా "ఏయ్" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, ఊరంతా వింటుండగా ఆమెను పేరుపెట్టి పిలిచాడు.

"రాయి ఆండాలూ."